పంటి బిగువున

2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి పెరుగన్నం తింటుంటే నోట్లో రాయి తగిలింది. బియ్యం సరిగా ఏరలేదనుకుని తీసి కంచం అంచున పెట్టాను. చేయి కడుక్కునేటప్పుడు మళ్ళీ చూస్తే అది నా పన్ను ముక్క. కింది దవడలో ఎడమవైపు దంతం ఒక మూల విరిగి వచ్చేసింది. పుచ్చిన పన్ను కాదు. అంతకు ముందు ఏనాడూ నొప్పి పెట్టింది కూడా లేదు. మెత్తటి పెరుగన్నానికి గట్టి పన్ను ఎలా విరుగుతుందో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు.

మాది విజయవాడ, పటమట. బ్యాంకులో అప్పుల విభాగంలో అధికారిగా పనిచేస్తున్నాను. నాకప్పుడు 44 ఏళ్ళు. ఇంట్లో మా వారు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, మా అత్తగారు. ఫిబ్రవరి వచ్చిందంటే మా శాఖలో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. వాయిదా కట్టక 90 రోజులు దాటిన ఖాతా మొండి బాకీ కింద పడుతుంది కాబట్టి, మార్చి 31 లోపల ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అవసరమైతే ఇంటికి వెళ్ళి కట్టించాలి. పంట రుణాలు తిరగరాయించుకోవడానికి రైతులు వస్తారు. ఆ ఏడాది మార్చి 31 ఆదివారం పడింది. అయినా ప్రభుత్వ లావాదేవీల కోసం తెరిచి ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అంత పనిలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఆవిడ చిన్న వయసు డాక్టరు. విరిగిన పన్ను సంగతి అడుగుతుందనుకుంటే ముందు నా బుగ్గ లోపలి చర్మం చూసింది. అక్కడ పళ్ళు కలిసే చోట తెల్లటి గీత ఉందట. నాలుక అంచులు పళ్ళ అచ్చు పడి అలలు అలలుగా ఉన్నాయి. దంతాల పైభాగం అరిగి చదునైపోయింది. తర్వాత చెవుల కింద, దవడ మూలల్లో వేళ్ళు పెట్టి "ఒకసారి పళ్ళు బిగించండి మేడమ్" అంది. బిగించాను. కండ గట్టిగా ఉబ్బింది. అక్కడ నొక్కితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పొద్దున లేవగానే కణతల దగ్గర తలనొప్పి ఉంటుందా?"

రెండేళ్ళుగా ఉంది. చత్వారం అనుకుని రెండుసార్లు అద్దాలు మార్చాను. చేతిసంచిలో తలనొప్పి మాత్రల అట్ట ఎప్పుడూ ఉండేది.

"నిద్రలో పళ్ళు కొరుకుతున్నారని ఇంట్లో ఎవరైనా చెప్పారా?"

చెప్పారు. మా వారు చాలాసార్లు అన్నారు. నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నట్టు అని మా అత్తగారు మాత్ర కూడా వేయించారు. మా ఊళ్ళల్లో చిన్నప్పటి నుంచీ వినే మాటే అది. డాక్టరుకు చెబితే నవ్వకుండా విని, "పిల్లల్లోనూ పెద్దల్లోనూ దీనికి కారణాలు చాలా ఉంటాయి మేడమ్. మీ విషయంలో మాత్రం నాకు ఒత్తిడే కనిపిస్తోంది. రాత్రి ఒక్కటే కాదు, మీరు పగలు కూడా బిగిస్తున్నారు. ఇప్పుడు నాతో మాట్లాడుతూ కూడా" అంది.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నాకు ఒత్తిడి ఏమిటి? ఉద్యోగం ఉంది, ఇల్లుంది, మంచి మనిషి భర్తగా ఉన్నాడు. మా అమ్మ ముగ్గురు పిల్లలతో ఇంతకు నాలుగింతలు పడింది, ఎవరికీ చెప్పలేదు. 'అన్నీ పంటి బిగువున భరించిందమ్మా మీ అమ్మ' అని ఊరంతా మెచ్చుకునేది. ఆ మెప్పు వింటూ పెరిగినదాన్ని. పంటి బిగువున భరించడం అంటే గొప్ప అనుకున్నాను. నోరు మూసుకుని లేచి స్కూటర్ మీద బయలుదేరాక బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గమనించాను. నా పై పళ్ళు, కింది పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కావాలని చేసింది కాదు. ఎప్పటి నుంచి అలా ఉన్నాయో కూడా తెలియదు.

పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. రాత్రిపూట పెట్టుకోవడానికి నా పళ్ళ అచ్చు తీసి నైట్ గార్డ్ చేయించారు. "ఇది పళ్ళను కాపాడుతుంది. బిగించడాన్ని ఆపదు. దాన్ని మీరే ఆపాలి" అని డాక్టరు ముందే చెప్పింది. ఎలా ఆపాలో కూడా చెప్పింది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తగలనే కూడదు. పెదవులు మూసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొస పై పళ్ళ వెనక తేలిగ్గా ఆని ఉండాలి. 'న' అనబోయి ఆగితే నాలుక ఎక్కడ ఉంటుందో అక్కడ. రోజులో వీలైనన్ని సార్లు అది గుర్తొచ్చేలా కంటికి కనబడే గుర్తు ఏదైనా పెట్టుకోమంది.

ఇంటికి వచ్చి అద్దానికి అంటించి ఉన్న స్టిక్కర్ బొట్లు చూశాను. ఎర్రటివి ఏడు తీసుకున్నాను. బ్యాంకులో కంప్యూటర్ తెర మూలన ఒకటి, ఫోను వెనక ఒకటి, స్కూటర్ అద్దం మీద, పొయ్యి పైన పలక మీద, అబ్బాయి గది గుమ్మానికి, స్నానాల గది అద్దానికి, చివరిది వీధి తలుపు తాళం పక్కన. బొట్టు కనబడగానే మూడు సంగతులు చూసుకోవాలని నియమం పెట్టుకున్నాను. పళ్ళు తగులుతున్నాయా? భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉన్నాయా? ఊపిరి ఆగి ఉందా? తగులుతుంటే వదలడం, లేచి ఉంటే దించడం, ఆగి ఉంటే బయటికి వదలడం. అంతే. వారం పాటు చిన్న పుస్తకంలో గీతలు పెట్టాను. మొదటి రోజు బొట్టు చూసింది 38 సార్లు. అందులో 31 సార్లు పళ్ళు బిగిసే ఉన్నాయి.

ఆ పుస్తకమే నా కళ్ళు తెరిపించింది. ఎక్కడెక్కడ బిగిస్తున్నానో రాసుకున్నాను కదా, నేను ఊహించిన చోట్లు అందులో వెనకబడ్డాయి. కౌంటరు దగ్గర గొంతు పెంచిన ఖాతాదారుతో మాట్లాడేటప్పుడు నేను బాగానే ఉన్నాను. పెద్ద ఫైలు మీద కూర్చుని లెక్కలు చూసేటప్పుడు కూడా బాగానే ఉన్నాను. బిగిసేది ఓటీపీ కోసం ఎదురుచూసే అర నిమిషంలో. ఫోను టింగుమన్నప్పుడు. కూర తరుగుతూ, పక్క గదిలో అబ్బాయి చదువుతున్నాడా ఫోను చూస్తున్నాడా అని చెవి అటు వేసి ఉంచినప్పుడు. అన్నిటికంటే ఎక్కువ, సాయంత్రం వీధి తలుపు తాళం తీసే ముందు. ఆ బొట్టు దగ్గర వారమంతా ఒక్కసారి కూడా నా పళ్ళు విడిగా లేవు. పని ఒత్తిడి, పని ఒత్తిడి అని బ్యాంకును తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ. నన్ను విరిచింది పెద్ద పనులు కాదు, ఒక పనికీ మరో పనికీ నడుమ ఉండే చిన్న చిన్న ఖాళీలు. ఆ ఖాళీలన్నిటిలోనూ నేను వచ్చేదానికి ముందే కాచుకుని నిలబడి ఉన్నాను.

తర్వాత కొంత చదివాను. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి తెలుసుకున్నాను. చలి పెట్టినా, గాయం చేసినా, మందు పొడిచినా వాటి ఒంట్లో ఒకే రకం మార్పులు కనబడ్డాయట. అడ్రినల్ గ్రంథులు పెరిగాయి, కడుపులో పుళ్ళు పడ్డాయి. కష్టం ఏదైనా ఒంటి జవాబు ఒకటే. అది చదివినప్పుడు నా పుస్తకంలోని గీతలకు అర్థం దొరికింది. పులి ఎదురైనా, గ్యాసు బుక్ చేయడం మరిచిపోయినా నా దవడ ఒకే రకంగా బిగుసుకుంటోంది. పులి వెళ్ళిపోతే ఒళ్ళు వదులవుతుంది. నా గ్యాసు బండ, కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు ఎన్నడూ వెళ్ళిపోవు.

మొదట అందరూ చెప్పేదే చేశాను. తెల్లవారుజామున అయిదింటికి లేచి యోగా. ఆరు రోజులు సాగింది. మంచిది కాదని అనను. నాకది ఆ సమయంలో మరో పని అయింది. రాత్రి పదకొండున్నరకు పడుకునే మనిషి అయిదింటికి లేస్తే మిగిలేది అయిదున్నర గంటల నిద్ర. ఏడో రోజు లేవలేకపోయి, ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను. తీరిక లేనివాళ్ళకు ఒత్తిడి తగ్గించుకోమని చెప్పేవాళ్ళు కొత్త పని నెత్తిన పెట్టకూడదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. ఉన్న పనుల మధ్యలోనే, ఉన్న చోటనే, లేచి ఎక్కడికీ వెళ్ళకుండా చేసేది కావాలి.

అలాంటివి నాకు రెండు దొరికాయి. ఒకటి నిశ్వాసను పొడిగించడం. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. అలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిర్లు అవుతాయి. గాలి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి చేసే పని అది. వదిలే కాలం పెరిగితే ఆ నెమ్మదీ పెరుగుతుంది. నాకు సిగ్నల్ దగ్గర తొంభై సెకన్ల ఎర్ర దీపం దొరుకుతుంది. తొమ్మిది ఊపిర్లు. మునుపు ఆ తొంభై సెకన్లు ముందున్న బండిని చూసి పళ్ళు కొరికేదాన్ని.

రెండోది భ్రామరి. తుమ్మెద ఝుంకారంలా ముక్కుతో మ్ అంటూ గాలి వదిలే ప్రాణాయామం. పెదవులు మూసి, లోపల పళ్ళు విడిగా ఉంచి చేయాలని చెబుతారు. ఎందుకో చేస్తేనే తెలిసింది. పళ్ళు బిగించి మ్ అంటే ఆ కదలిక దవడలోనే ఆగిపోతుంది. వదులుగా ఉంచితే చెంపలు, ముక్కు, నుదురు అంతా సన్నగా అదురుతాయి. నా దవడకు కావలసినది సరిగ్గా అదే. స్కూటర్ మీద, హెల్మెట్ లోపల, బందరు రోడ్డు హోరులో ఎవరికీ వినబడదు. శాఖ నుంచి ఇంటి వరకు పదిహేడు నిమిషాల దారి. సగం దారి తుమ్మెదనై వచ్చేదాన్ని. తాళం పక్కన బొట్టు దగ్గర పళ్ళు మొదటిసారి విడిగా దొరికింది ఏప్రిల్ 6న. తేదీ పుస్తకంలో రాసి ఉంది.

ఇంకొకటి చెప్పాలి. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు వందేళ్ళ కిందట చెప్పిన పద్ధతి. కండరాన్ని వదులు చేయాలంటే ముందు దాన్ని కావాలని బిగించాలి. భుజాలు చెవుల దాకా ఎత్తి అయిదు లెక్కపెట్టి ఒక్కసారి దించేయడం. పిడికిళ్ళు బిగించి విప్పడం. మా శాఖలో పాత ఫైళ్ళ గదికి రోజుకు మూడుసార్లు వెళ్ళక తప్పదు. అక్కడ చేసేదాన్ని. బిగింపు ఎలా ఉంటుందో తెలిస్తేనే వదులు ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. పళ్ళతో మాత్రం ఈ పద్ధతి చేయవద్దని డాక్టరు చెప్పింది. దవడను వదలడమే తప్ప బిగించకూడదు.

టీ సంగతి తొందరగా చెప్పేస్తాను. రోజుకు ఆరు తాగేదాన్ని, ఆఖరిది సాయంత్రం ఆరింటికి. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుందని తెలిశాక రాత్రి పదకొండింటికి నా ఒంట్లో సగం కప్పు టీ ఇంకా పనిచేస్తోందని అర్థమైంది. మధ్యాహ్నం రెండు దాటాక మానేశాను. మొదటి నాలుగు రోజులు తల పగిలిపోయింది. ఒక్కసారిగా తగ్గిస్తే అలా వస్తుంది, పోతుంది. కొద్దికొద్దిగా తగ్గించుకోండి. ఎండాకాలం కాబట్టి మజ్జిగలో అల్లం, కరివేపాకు నలిపి వేసుకుని సీసాలో తీసుకెళ్ళాను. ఇప్పుడు మా శాఖలో నలుగురం మజ్జిగ సీసాలు తెచ్చుకుంటున్నాం.

ఫోను విషయంలో మాత్రం ధైర్యం కూడదీసుకోవలసి వచ్చింది. మా శాఖ వాట్సాప్ బృందంలో రాత్రి పదకొండు దాకా సందేశాలు వస్తూనే ఉండేవి. ఎంత వసూలైంది, ఎంత మిగిలింది, రేపు ఎవరు ఎక్కడికి వెళ్ళాలి. చూడకపోతే ఏమవుతుందో అని భయం, చూస్తే నిద్ర పట్టదు. ఏప్రిల్ నెలలో మేనేజరు గారి గదికి వెళ్ళి, "సార్, రాత్రి తొమ్మిది దాటాక నేను సందేశాలు చూడలేను. అత్యవసరమైతే ఫోన్ చేయండి, ఎన్ని గంటలకైనా ఎత్తుతాను" అన్నాను. ఆ వాక్యం అనడానికి ముందు రోజు రాత్రి పదిసార్లు మనసులో చెప్పుకున్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, "అలాగేనమ్మా, నాకూ అదే నయం" అన్నారు. ఆ తర్వాత ఏడాదిలో రాత్రి తొమ్మిది దాటాక వచ్చిన ఫోన్లు మూడు.

ఇక మల్లెపూల గురించి. నాకు అన్నిటికంటే మేలు చేసింది ఇదే, దీన్ని నేను వెతుక్కోలేదు.

మే నెల వచ్చేసరికి మైలవరం వైపు నుంచి మల్లెమొగ్గలు విజయవాడ బజారుకు దిగుతాయి. మా అత్తగారు కట్టిన దండ కొనరు. విడి మొగ్గలు కొని, సాయంత్రం వరండాలో చాప వేసుకుని కడతారు. ఆమె వేళ్ళకు ఈ మధ్య నొప్పులు. ఒక రోజు నేను బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, "అమ్మాయ్, మొగ్గలు విచ్చుకుపోతున్నాయి, ఒక చేయి వెయ్యి" అన్నారు. వంట చేయాలి అనబోయి ఆగాను. ఆమె అడగడం చాలా అరుదు. చీర మార్చుకోకుండానే కూర్చున్నాను.

పూలు కట్టి ఇరవై ఏళ్ళయి ఉంటుంది. చేతులకు గుర్తుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు ఒకదాని మీద ఒకటి, తడిపిన అరటినార చుట్టి ముడి, మళ్ళీ రెండు ఇటు, రెండు అటు. ముడి మరీ బిగిస్తే కాడ తెగుతుంది. వదిలేస్తే పువ్వు జారిపోతుంది. ఆ రెండింటి నడుమ ఒక పట్టు ఉంది, అది వేళ్ళకే తెలుస్తుంది. తడి నార వాసన, మొగ్గల వాసన. మా అత్తగారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. రెండు చేతులూ తడిగా ఉంటే ఫోను ముట్టుకోలేం. కళ్ళు మొగ్గల మీద నుంచి తిప్పితే వరుస తప్పుతుంది. రేపటి వసూళ్ళు తలలోకి వచ్చేవి. వచ్చి, నిలబడడానికి చోటు లేక వెళ్ళిపోయేవి. మూర నిండేసరికి పాతిక నిమిషాలు గడిచాయి. మా అత్తగారు దండ తుంచి సగం నా జడలో పెడుతూ, "ఇవాళ నీ మొహం తేటగా ఉంది" అన్నారు. చేయి పెట్టి చూసుకున్నాను. చెవి కింద కండ మెత్తగా ఉంది.

అప్పటి నుంచి వేసవి అంతా సాయంత్రం ఏడుకు చాప మీద కూర్చున్నాం. వంట అరగంట ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. మల్లెలు తగ్గాక కనకాంబరాలు, తర్వాత పూలు దొరకని రోజుల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, చింతచిగురు దూయడం, బియ్యం ఏరడం. ఇవన్నీ మన ఇళ్ళలో ఆడవాళ్ళు కూర్చుని చేసే పనులు. సమయం వృథా అనుకుని మా తరం చాలా వాటిని వదిలేసింది. ఏరిన బియ్యం, ఒలిచిన వెల్లుల్లి, కట్టిన పూలు కొంటున్నాం. మిగిలిన సమయమంతా ఫోనులోకే పోతోంది. అన్నీ మళ్ళీ మొదలుపెట్టమని నేను అనను, ఆ పనులన్నీ ఆడవాళ్ళ మీదే పడ్డ రోజులు తిరిగి రావాలని అసలే కోరుకోను. చేతులు ఆడుతూ, కళ్ళకు ఒకే పని ఉండి, తొందర లేని ఒక పాతిక నిమిషాలు ఎవరికైనా కావాలి. మా వారికి అది సైకిల్ గొలుసు శుభ్రం చేయడం. ఆదివారం పొద్దున ఆయన మొహం చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే ఈ అనుభవం సగమే చెప్పినట్టు. ఊపిరి, భ్రామరి, పూలు ఇవన్నీ బిగిసినదాన్ని వదులు చేస్తాయి. బిగించేది అలాగే ఉంటే రేపు మళ్ళీ బిగుస్తుంది. తాళం పక్కన బొట్టు దగ్గర నేను ఎందుకు అంతగా బిగుసుకునేదాన్నో జూన్‌లో కానీ నాకు తెలియలేదు. ఒక ఆదివారం, ఇంటికి సంబంధించి నా తలలో తిరిగే పనులన్నీ కాగితం మీద రాశాను. మా అత్తగారి బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయి, నీళ్ళ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి, ఎవరి పెళ్ళికి ఎంత చదివించాలి, పనమ్మాయి ఎప్పుడు సెలవు అడిగింది, ఇంటి పన్ను గడువు, అబ్బాయి పరీక్ష ఫీజు. 34 వచ్చాయి. చేసేది అందరమైనా గుర్తుపెట్టుకునేది నేనొక్కదాన్నే. మా వారికి ఆ కాగితం చూపించాను. పోట్లాట కాలేదు. ఆయన రెండుసార్లు చదివి, "ఇవన్నీ నీ తలలో ఉన్నాయా?" అని అడిగారు. "ఉన్నాయండీ" అన్నాను. పెన్ను తీసుకుని పన్నెండు పనుల పక్కన తన పేరు రాసుకున్నారు. అబ్బాయి నాలుగు తీసుకున్నాడు. వాటిని నేను మళ్ళీ గుర్తు చేయకూడదన్నది ఒప్పందం. అది పాటించడం నాకే కష్టమైంది. జూలైలో ఒకసారి గ్యాసు అయిపోయి రెండు రోజులు కరెంటు పొయ్యి మీద వండుకున్నాం. నోరు తెరవలేదు. ఆ తర్వాత గ్యాసు ఎన్నడూ అయిపోలేదు.

అంతా గాడిలో పడిందనుకున్న సమయంలో సెప్టెంబరు వచ్చింది. బుడమేరు వాగు పొంగి మా ఊళ్ళోని సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులు అవి. మా అన్నయ్య వాళ్ళది సింగ్ నగర్. రెండు రోజులు ఫోన్లు కలవలేదు. మూడో రోజు పడవలో బయటపడి మా ఇంటికి వచ్చారు. నలుగురు మనుషులు, ఒక సంచీ. పద్నాలుగు రోజులు మా ఇంట్లో తొమ్మిదిమందిమి, ఊరి నుంచి వచ్చిన వదిన వాళ్ళ అమ్మతో కలిపి. బ్యాంకులో చూస్తే, మునిగిన దుకాణాల వాళ్ళు తడిసిన కాగితాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. బొట్లు కనబడుతూనే ఉన్నాయి, నేను చూడలేదు. సెప్టెంబరు చివర నైట్ గార్డ్ తీసి చూస్తే కుడివైపు కొరికి పగుళ్ళు తీసి ఉంది.

ఏడుపు వచ్చింది. ఆరు నెలల కష్టం పోయిందని. డాక్టరు ఆ గార్డును వెలుతురులో తిప్పి చూసి, "ఇది లేకపోతే ఇవి మీ పళ్ళ మీద పడేవి మేడమ్. వరదలో ఎవరి దవడ వదులుగా ఉంటుంది?" అని కొత్తది చేసింది. ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నేను మళ్ళీ మొదటి బొట్టు నుంచి మొదలుపెట్టాను. ఈసారి నెల కూడా పట్టలేదు, దారి తెలిసిందే కాబట్టి.

ఆ వరద తర్వాతే మా శాఖలో ఒక సహోద్యోగిని నాకు విడిగా చెప్పింది. నీళ్ళు తగ్గి రెండు నెలలైనా రాత్రి వానచప్పుడు వింటే గుండె దడదడలాడుతోందని, నిద్ర లేదని, బతకాలని అనిపించడం లేదని. నేను ఆమెకు భ్రామరి నేర్పలేదు. అది అక్కడ సరిపోయే మందు కాదు. మధ్యాహ్నం తలుపు వేసుకుని, మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలిమానస్ 14416 నంబరుకు ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ అది. ఉచితం, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళ సలహా మీద ఆమె మానసిక వైద్యుణ్ణి కలిసింది, మందులు వాడింది, ఇప్పుడు బాగుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, చచ్చిపోవాలనిపించినా పూలు కడుతూ కూర్చోకండి. ఆ రోజే ఎవరికైనా చెప్పండి. అది కూడా పంటి బిగువున భరించేది కాదు.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, ఆదివారం. మర్నాడు రంజాను సెలవు, అయినా ఏడాది ముగింపు కాబట్టి మాకు పని తప్పలేదు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు పది రోజుల ముందే అయిపోయాయి. పచ్చడి మా వారు చేశారు, వేపపువ్వు కాస్త ఎక్కువైంది. సాయంత్రం చాప పరిచాం. ఆ ఏడాది తొలి మల్లెలు అవి, ఇంకా చిన్న మొగ్గలు, కాడలు పొట్టిగా ఉండి నారకు సరిగా అందవు. అబ్బాయి వచ్చి పక్కన కూర్చుని, ఎలా కట్టాలో చూపించమన్నాడు. వాడి ముడులన్నీ జారిపోయాయి. మా అత్తగారు వాటిని విప్పి మళ్ళీ కట్టారు.

మర్నాడు రాత్రి శాఖ నుంచి బయటపడేసరికి పదకొండు దాటింది. లెక్కలు సరిపోయాయి. దారంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి భ్రామరి బయటికి వినబడుతుందేమోనని చిన్నగా అన్నాను. తాళం తీస్తూ బొట్టు చూశాను. ఎండకు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది, ఒక అంచు లేచింది. పళ్ళు తగులుతున్నాయి. వదిలాను. ఆదివారం సాయంత్రాలు, ఏడాది ముగింపు రాత్రులు ఇప్పటికీ అంతే, ఇంకా నా చేతికి రాలేదు. గోరుతో ఆ బొట్టు గీకి తీసేసి, లోపలికి వెళ్ళి అద్దం మీద నుంచి కొత్తది తెచ్చి అంటించాను.